కుందేలు పంజరం నుంచి భయాల నిచ్చెన దాకా

పిల్లల్లో తీవ్రమైన ఆందోళనకు క్లినికల్ సైకాలజిస్టులు నేడు చేస్తున్న చికిత్స మూలాలు వెతికితే 1924లో మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ ప్రచురించిన ఒక కేసు దగ్గర తేలతాం. మూడేళ్లు నిండని పీటర్‌కు కుందేలంటే హడలు. వాడిని కూర్చోబెట్టి ఇష్టమైనది తినిపిస్తూ, పంజరంలోని కుందేలును వాడు తిండి మానేయనంత దూరంలో ఉంచి, రోజులు గడిచేకొద్దీ కాస్తకాస్తగా దగ్గరికి జరిపారు. చివరికి అది తన వేళ్లు కొరుకుతున్నా వాడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అంతకు నాలుగేళ్ల ముందు మనస్తత్వ పరిశోధకులు వాట్సన్, రేనర్ ఒక పసివాడిలో భయాన్ని కావాలని పుట్టించిన ప్రయోగానికి వచ్చిన పేరు, భయాన్ని పోగొట్టిన ఈ పనికి చాలాకాలం రాకపోవడం విచిత్రమే.

తర్వాత 1958లో మానసిక వైద్యుడు జోసెఫ్ వోల్పే పెద్దల చికిత్సలో ఇదే మార్గాన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. బాల్యపు ఆందోళన రుగ్మతలకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలో ప్రత్యేక విభాగం దక్కింది మాత్రం 1980లోనే. పేరు లేని జబ్బు మీద పరిశోధన సాగదు కాబట్టి, ఆ ఆలస్యానికి మూల్యం పిల్లలే చెల్లించారనాలి.

అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ కెండాల్ ఆందోళన రుగ్మత ఉన్న 47 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. చికిత్స పొందినవారిలో 64 శాతం మందికి, చికిత్స కోసం వేచి ఉన్నవారిలో 5 శాతం మందికి మాత్రమే ఆ రుగ్మత లేకుండా పోయింది. వాళ్లు పొందిన చికిత్స ఆలోచనలను, ప్రవర్తనను మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ; అందులో ఆయువుపట్టు భయాల నిచ్చెన. తరగతిలో నోరు విప్పలేని అమ్మాయి మొదట పక్కనున్న స్నేహితురాలిని, తర్వాత ఒంటరిగా ఉన్న టీచర్ని, ఆపైన అందరి ముందూ ప్రశ్న అడుగుతుంది; గుండె దడ తగ్గేదాకా అక్కడే నిలబడటమే అసలు అభ్యాసం.

మందుల మాటేమిటన్న ప్రశ్నకు 2008లో వెలువడిన, 488 మంది పిల్లలతో జరిగిన అధ్యయనం జవాబిచ్చింది: థెరపీ, సెర్ట్రలీన్ అనే మందు రెండూ కలిపితే 80.7 శాతం, థెరపీతో 59.7, మందుతో 54.9, ఉత్తుత్తి మాత్రతో 23.7 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. అయితే వారిలో కొందరిని తర్వాత నాలుగేళ్లపాటు ఏటా పరీక్షించగా, ప్రతిసారీ రుగ్మత లేకుండా కనిపించినవారు 22 శాతమే.

మరోవైపు పరిశోధకుల చూపు ఇంటివైపూ మళ్లింది. పిల్లవాడు భయపడుతున్నాడని బడి మాన్పించడం, అడిగిందానికే పదిసార్లు ధైర్యం చెప్పడం వంటివి భయాన్ని పెంచి పోషిస్తాయి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన చికిత్సలో సైకాలజిస్టు ఎదుట కూర్చునేది తల్లిదండ్రులే. ఒక్కసారి కూడా థెరపీ గదిలోకి రాని పిల్లలు, స్వయంగా థెరపీ తీసుకున్నవారికి తీసిపోకుండా కోలుకున్నారు.