ఒక్కసారి వింటే ఎంత వస్తుంది తాతయ్యా?

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ, వాళ్లతో కలిసి పాట చేసిన మిగతా ఇద్దరు పిల్లలకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరు నలుగురూ వచ్చి ఫోన్ నా ముందు పెట్టి, "మూడు నెలల్లో మన పాట 9,400 సార్లు విన్నారు తాతయ్యా, వచ్చింది మాత్రం 412 రూపాయలు" అని చూపించారు. ఒక్కసారి వింటే ఎంత ఇస్తారో చెప్పమని చిన్నది అడిగింది. భోజనాల హడావిడిలో ఆ మాట అక్కడే ఆగిపోయింది కానీ, వారం నుంచీ నా మనసులో అదే తిరుగుతోంది. నలభై ఏళ్లు వయొలిన్ వాయించి బతికినవాణ్ని, ఈ డబ్బు సంగతులు నాకు ఎవరూ సమయానికి చెప్పలేదు. మీకైనా సమయానికి తెలియాలని రాస్తున్నా. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

ముందుగా చిన్నదాని ప్రశ్నకి జవాబు. ఒక్కసారి వింటే ఇంత అనే రేటు పాటలు వినే యాప్ స్పాటిఫైలో లేదు, ఇలాంటి చాలా యాప్‌లలో లేదు. టమాటాలు కిలో ఇంత అన్నట్టు కాదు ఇది. నెలాఖరుకి లెక్క తేలాక, మొత్తాన్ని భాగిస్తే ఎంతొస్తే అంత.

మా చిన్నప్పుడు ఊళ్లో కోతలయ్యాక కళ్లంలో ధాన్యం రాశి పోసేవాళ్లు. రైతు ఇంటికి తీసుకెళ్లే ముందు అక్కడే వడ్రంగికీ, కమ్మరికీ, గుడి మేళం వాళ్లకీ మేర, అంటే వాళ్ల వాటా ధాన్యం, కొలిచి ఇచ్చేవాళ్లు. మా నాన్న సన్నాయి వాయించేవాడు కాబట్టి మాకూ మేర ఉండేది, నేను గోనెసంచి పట్టుకుని వెళ్లి కళ్లం గట్టు మీద కూర్చునేవాణ్ని. రాశి పెద్దదైతే మా సంచి నిండేది, వానలు ఎగ్గొట్టిన ఏడు అడుగున నాలుగు గింజలే. మా నాన్న ఆ ఏడు ఎన్ని రోజులు వాయించాడన్నదానితో దానికి సంబంధం లేదు. పాటల యాప్‌లు డబ్బు పంచే పద్ధతికి నాకు తెలిసినవాటిలో దగ్గరగా ఉన్నది ఇదే.

నెలకు 118 రూపాయలు చందా కట్టే మనిషి ఉన్నాడనుకోండి, లెక్క తేలిగ్గా ఉండాలని నేను పెట్టుకున్న అంకె ఇది. అందులో 18 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 100లో సుమారు 30 యాప్ వాళ్లు ఉంచుకుంటారు, 70కి అటూఇటూగా పాట హక్కులున్నవాళ్లకి వెళ్తుంది. అలా చందాదారులందరి డబ్బూ ఒక రాశిగా పోస్తారు. ఆ నెలలో అందరూ కలిసి విన్న మొత్తంలో మీ పాటకి ఎంత శాతం వచ్చిందో రాశిలో అంత శాతం మీ పాటది. స్పాటిఫై 2024 ఒక్క ఏడాదిలోనే వెయ్యి కోట్ల డాలర్లు హక్కుదారులకి చెల్లించానని ప్రకటించింది. కాబట్టి డబ్బు లేక కాదు. ఏ దారిన వెళ్తోంది, ఎవరి దగ్గర ఆగుతోంది అన్నదే చూడాలి.

ఈ పంపకంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఒక ఊళ్లో ఇద్దరే చందాదారులు ఉన్నారనుకోండి. ఒకరు రిటైరైన టీచరమ్మ, ఆవిడ నెలంతా ఒకే జానపద గాయకుడి పాటలు, రోజుకి ఒకటో రెండో, మొత్తం 40 సార్లు విన్నారు. రెండోవాడు ఇంజనీరింగ్ కుర్రాడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే చదువుతాడు, పెట్టుకునే పడుకుంటాడు, వాడి ఖాతాలో సినిమా హిట్లు 3,960 సార్లు మోగాయి. ఇద్దరి 70లూ కలిపితే రాశి 140 రూపాయలు, మొత్తం వినికిడి 4,000. అందులో జానపద గాయకుడిది నూటికి ఒకటి, అంటే అతనికి వచ్చేది 1 రూపాయి 40 పైసలు. టీచరమ్మ ఆ ఒక్క మనిషి పాట కోసమే చందా కట్టారు, అయినా ఆవిడ 70లో 68 రూపాయల 60 పైసలు ఆవిడ ఒక్కసారి కూడా వినని పాటలకి వెళ్లిపోయాయి. ఎవరి చందా వాళ్లు విన్నవాళ్లకే పంచితే ఆ గాయకుడికి 70 రూపాయలూ వచ్చేవి. ఇది జరగని పనేమీ కాదు, సౌండ్‌క్లౌడ్ 2021లో సొంతంగా పాటలు పెట్టుకునే కళాకారులకి ఇలా పంచడం మొదలుపెట్టింది. అదే న్యాయమని నా అభిప్రాయం. పెద్ద యాప్‌లు మాత్రం ఇంకా చాలావరకు రాశి పద్ధతిలోనే నడుస్తున్నాయి.

ఇంకో మాట, రాశి అందరికీ ఒకటే కాదు. దేశానికో రాశి, అందులో మళ్లీ చందా కట్టేవాళ్లది వేరు, యాడ్స్ వింటూ ఫ్రీగా వినేవాళ్లది వేరు. మన దగ్గర చందా తక్కువ, ఫ్రీగా వినేవాళ్లు ఎక్కువ, అందుకే రాశి చిన్నది, వినేవాళ్లేమో కోట్లు. డల్లాస్‌లో చందా కట్టి వినే మీ పిన్ని ఒక్కసారి మీ పాట వింటే వచ్చేది, గుంటూరులో ఫ్రీగా వినేవాళ్లు చాలాసార్లు వింటే గానీ రాదు. మీ 412 రూపాయలు ఏ దేశం నుంచి ఎంత వచ్చాయో రిపోర్టులో ఉంటుంది, తెరిచి చూడండి.

లెక్కలోకి రావాలంటే స్పాటిఫైలో కనీసం 30 సెకన్లు వినాలి. 29వ సెకనులో దాటేస్తే విన్నట్టు కాదు. అందుకేనేమో ఇప్పుడు చాలా పాటలు పల్లవితోనే మొదలవుతున్నాయి. మీ పాట మొదట్లో గాలి చప్పుడు, దూరం నుంచి దగ్గరికొచ్చే డప్పు, అదంతా అరనిమిషం పైనే ఉంది. కత్తిరించేద్దామా అని ఆ రోజు మీలో మీరు అనుకోవడం విన్నాను. కత్తిరించకండి. నాకు ఆ పాటలో ప్రాణం అక్కడే ఉందనిపించింది.

2024 నుంచి స్పాటిఫైలో ఇంకో నిబంధన వచ్చింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకి రికార్డింగ్ డబ్బు అసలు లెక్కకట్టరు. ఇది చూసి టెన్షన్ పడి, ఐదొందలకి పదివేల ప్లేలు ఇస్తామనే యాడ్‌ల జోలికి వెళ్లకండి. దొంగ వినికిడి పట్టుబడితే ఆ లెక్క కొట్టేయడమే కాదు, పాటనే తీసేయొచ్చు, మీ తరఫున పాటని యాప్‌లకి పంపిన కంపెనీకి, అంటే డిస్ట్రిబ్యూటర్‌కి, జరిమానా కూడా పడుతుంది, వాళ్లు దాన్ని మీ మీదికే తోస్తారు.

ఇక అసలు సంగతి. పాట అంటే ఒక ఆస్తి కాదు, రెండు. మాట, బాణీ కలిసి ఒకటి. ఆ పాటని స్టూడియోలోనో ఇంట్లోనో పాడి, వాయించి, రికార్డు చేసింది రెండోది. రెండింటికీ హక్కులు వేరు, డబ్బు వచ్చే దారులు వేరు. రికార్డింగ్ వంతు పెద్దది, మాట-బాణీ వంతు దానికంటే బాగా చిన్నది. మీరు ఒక సినిమా పాటని మళ్లీ మీ గొంతుతో పాడి కవర్ చేశారనుకోండి, రికార్డింగ్ మీదే అయినా మాటా బాణీ మీవి కావు, అందుకు అనుమతీ వాటా వేరే వాళ్లవి.

అన్నమయ్య కీర్తననే తీసుకోండి. ఆయన పదిహేనో శతాబ్దం మనిషి, ఆ సాహిత్యం మీద ఇవాళ ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు లాంటివాళ్లు కూర్చుని బాణీలు కట్టారు కాబట్టే మనం ఇవాళ పాడుకుంటున్నాం. మన చట్టం ప్రకారం బాణీ మీద హక్కు, కట్టినవాళ్లు బతికినన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. రికార్డింగ్ మీద అయితే విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. పాత పాట కదా, ఎవరిదీ కాదులే అనుకోవడం ఎంత తప్పో చూడండి.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. 1988లో మద్రాసులో ఉన్నప్పుడు ఒక క్యాసెట్ కంపెనీ వాళ్లకి ఎనిమిది కీర్తనలకి బాణీ కట్టి ఇచ్చాను, వయొలిన్ కూడా నేనే వాయించాను. 1,500 రూపాయలు చేతిలో పెట్టి, ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఇంటి అద్దె మూడు నెలలది బాకీ ఉంది, ఇంకేం చదువుతాను? క్యాసెట్ లోపలి అట్ట మీద నా పేరు చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు, అయినా ఆ అట్ట ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ఆ పాటలిప్పుడు యాప్‌లలో ఉన్నాయి, లక్షలసార్లు విన్నట్టు చూపిస్తోంది. సంగీతం అన్న చోట "సంప్రదాయం" అని ఉంది. నా బాణీ నేను బతికుండగానే సంప్రదాయం అయిపోయింది.

అప్పట్లో చట్టం కూడా మాలాంటివాళ్ల పక్షాన లేదు. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకి, వేరే ఒప్పందం లేకపోతే నిర్మాతే మొదటి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అది 2012లో కొంత మారింది. కాపీరైట్ చట్టానికి సవరణ తెచ్చారు, దాని కోసం కవి జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో గట్టిగా మాట్లాడారు. సినిమా కోసం చేసిన పాటని థియేటర్లో సినిమాతో పాటు కాకుండా ఇంకెలా వాడుకున్నా, వచ్చే రాయల్టీలో రచయితకీ సంగీత దర్శకుడికీ, హక్కులు రాయించుకున్నవాళ్లతో సమానంగా వాటా ఉండాలి, ఆ హక్కుని వాళ్లు వదులుకున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. ఇంకోటి, సంతకం చేసిన రోజుకి లేని మాధ్యమం పేరు కాగితంలో ప్రత్యేకంగా రాసి ఉండకపోతే, ఆ మాధ్యమానికి ఆ కాగితం వర్తించదు. స్ట్రీమింగ్ 1988లో ఎక్కడుంది? కానీ సవరణకి ముందు రాసుకున్న కాగితాల మీద వాదనలు ఇంకా కోర్టుల్లో నడుస్తూనే ఉన్నాయి, నా వయసుకి అవి తేలేదాకా తిరిగే ఓపిక లేదు.

గాయకులకి కూడా ఆ సవరణే రాయల్టీ హక్కు ఇచ్చింది, 2013లో వాళ్లకంటూ ఇస్రా అనే సంఘం ఏర్పడింది. 2017లో ఇళయరాజా గారు బాలు గారికి లీగల్ నోటీసు పంపినప్పుడు మనింట్లో ఎంత గొడవైందో మీ నాన్నని అడగండి, బాలు గారు పాడిన పాట బాలు గారిది కాకపోతే ఎవరిది అని మీ నానమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పాడిన గొంతు ఒకరిది, బాణీ ఇంకొకరిది అని ఆ రోజే చాలామందికి మొదటిసారి తెలిసింది. మాలాంటి వాద్యకారులకి మాత్రం కాల్‌షీట్ డబ్బులే. పూటకింత ఇచ్చేవాళ్లు, వయొలిన్ పెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చేవాళ్లం, పాట ఎంత మోగినా మాకింకేం వచ్చేది కాదు.

ఇప్పుడు మీ పాట సంగతికి వద్దాం. మీరు డిస్ట్రిబ్యూటర్ ద్వారా పాట పెట్టారు కదా, డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటివాళ్లు. కొందరు ఏడాదికింత అని తీసుకుంటారు, కొందరు వచ్చినదాంట్లో వాటా పట్టుకుంటారు. పాట పెట్టేటప్పుడు వాళ్లే మీ రికార్డింగ్‌కి ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాలూ అంకెల నంబరు ఇస్తారు. ఇప్పుడు మన ఊళ్లో గేదెల చెవులకి పసుపురంగు ట్యాగు వేస్తున్నారే, దాని మీద కూడా 12 అంకెలే, అదే పని దీనిది కూడా. పాట ఏ యాప్‌లో మేసినా ఏ ఇంటిదో తెలుస్తుంది. కానీ ఆ 412 రూపాయలు రికార్డింగ్ వంతు మాత్రమే. మాట-బాణీ వంతు డిస్ట్రిబ్యూటర్ ద్వారా మామూలుగా రాదు. దాన్ని వసూలు చేసి పంచడానికి మన దేశంలో ఐపీఆర్ఎస్ ఉంది, అంటే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, 1969 నుంచి ముంబైలో ఉన్న సంస్థ. అందులో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని పాట నమోదు చేసుకోవాలి. నమోదు కాని పాట డబ్బు మీ పేరు వెతుక్కుంటూ రాదు. కళ్లం దగ్గరికి సంచి పట్టుకుని వెళ్లనివాడికి మేర ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు కదా.

నమోదుకి ముందు మీ నలుగురూ కూర్చుని ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. స్ప్లిట్ షీట్ అంటారు దాన్ని. పాట రాసింది మనవరాలు, బాణీ మనవడిదీ గిటార్ అబ్బాయిదీ, మిక్సింగ్ నాలుగో పిల్ల. నన్నడిగితే రికార్డింగ్ అందరూ సమానంగా పంచుకోండి, మాట-బాణీ మాత్రం ఎవరు చేస్తే వాళ్లకే రాయండి. 412 రూపాయలకి కాగితాలేమిటని నవ్వకండి, వచ్చేది తక్కువగా ఉన్నప్పుడే రాసుకోవడం తేలిక. నాలుగు లక్షలొచ్చాక రాసుకుందాం అనుకున్న స్నేహితులు మాటలు మానేయడం నేను చూశాను.

ఇంకొక్కటుంది, ఉత్తరం రాయడానికి ఇదీ ఒక కారణం. యాప్‌లో మీ పాట కింద క్రెడిట్స్ తెరిచి చూశాను, మీ నలుగురి పేర్లూ ఉన్నాయి. పాట మొదట్లో వినిపించే ఆ డప్పు మన ఊరి జాతరలో వాయించిన కుర్రాడిది. మీరు ఫోన్‌లో రికార్డు చేసుకుని, అతనికి టీ తాగించి వచ్చారు, అది నాకు తెలుసు. అతని పేరు ఎక్కడా లేదు. మీరు కావాలని వదిలేసి ఉండరు, తట్టి ఉండదు, నా పేరు వదిలేసినవాళ్లకీ బహుశా తట్టి ఉండదు. శనివారం ఊరెళ్తున్నా, మీలో ఒకరు నాతో రండి. అతని దగ్గర కూర్చుని పాట మొత్తం వినిపించి, అడగాల్సిన అనుమతి ఇప్పుడైనా అడుగుదాం, ఇంటిపేరుతో సహా అతని పేరు బ్యాంకు పుస్తకంలో ఉన్న స్పెల్లింగ్‌తో రాసుకుందాం. వాటా కాగితంలో ఐదో గడి ఖాళీగా ఉంచి తీసుకురండి.

మీ తాతయ్య