తదామి లైను: ఫొటో చూసి బయల్దేరేవాళ్లకు కొన్ని అపోహలు, వాస్తవాలు

జపాన్ చూడటానికి వచ్చే మనవాళ్లకు ప్రయాణాలు ప్లాన్ చేసిపెట్టడం నా పని. ఈమధ్య చాలామంది వాట్సాప్‌లో ఒకటే ఫొటో పంపుతున్నారు: పచ్చటి నది, దాని మీద కమాను వంతెన, వంతెన మీద చిన్న రైలు. "మమ్మల్ని ఇది ఎక్కించండి" అంటారు. అది తదామి లైను. ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోని (ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిది) ఐజు-వకమత్సు నుంచి నీగత ప్రిఫెక్చర్‌లోని కొయిదే దాకా 135.2 కిలోమీటర్లు. మధ్యలో చాలాదూరం తదామి నదిని అంటిపెట్టుకునే నడుస్తుంది.

అపోహ: రైలెక్కితే ఆ దృశ్యం కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇదే. వంతెన మీద పోయే రైల్లో కూర్చున్నవాళ్లకు ఆ వంతెన ఎలా కనిపిస్తుంది? కింద నీళ్లు కనిపిస్తాయి, అంతే. ఆ ఫొటోలోది ఒకటో నంబరు తదామి నది వంతెన. మిషిమ ఊళ్లో హైవే పక్కనున్న విశ్రాంతి కేంద్రం దగ్గర్నుంచి కొండ మీదికి కాలిబాట ఉంది. ఫొటో తీసేది ఆ కొండ మీంచి. రైలూ ఎక్కాలి, ఫొటో కూడా తీయాలి అంటే ఆ చుట్టుపక్కల ఒక రాత్రి ఉండండి.

అపోహ: జపాన్ కదా, ఒకటి పోతే ఇంకోటి వస్తుంది.

ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లే రైళ్లు రోజుకు మూడే. తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఐజు-వకమత్సు, దారిలోని ఐజు-కవగుచి స్టేషన్ మధ్య మాత్రం ఇంకొన్ని ఉంటాయి. సింగిల్ లైను, కరెంటు లేదు, డీజిల్ బళ్లు. మొత్తం ప్రయాణం నాలుగున్నర గంటల పైమాటే. పులిహోర కట్టుకెళ్లమని నేను అందరికీ చెబుతాను, సరదాకి కాదు. చలికాలంలో సాయంత్రం బండి ఎక్కారంటే కిటికీలో మీ మొహమే చూసుకోవాలి.

అపోహ: ఫుకుషిమా భూకంపంలో ఈ లైను దెబ్బతింది, అటు వెళ్లడం ప్రమాదం.

రెండు సంగతులు కలిసిపోయాయి. భూకంపం, సునామీ వచ్చింది 2011 మార్చిలో, సముద్రతీరాన. ఈ లైనుండే ఐజు ఫుకుషిమాలో పడమటి కొండప్రాంతం, అణు విద్యుత్ కేంద్రానికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఈ లైనును దెబ్బకొట్టింది అదే ఏడాది జూలై చివర్లో కురిసిన కుండపోత వాన. నది పొంగి వంతెనలు కొట్టుకుపోయాయి. ఐజు-కవగుచి నుంచి తదామి దాకా 27.6 కిలోమీటర్లు పదకొండేళ్లు మూతపడింది.

అక్కడ 2010లో ప్రయాణికులు రోజుకు సగటున 49 మంది. రైలు మానేసి బస్సు నడుపుతామని ఈ లైను నడిపే రైల్వే కంపెనీ జేఆర్ ఈస్ట్ అంది. ప్రిఫెక్చరూ లోయలోని ఊళ్లూ ఒప్పుకోలేదు. చివరికి దాదాపు 900 కోట్ల యెన్ల ఖర్చుతో బాగుచేసి, 2022 అక్టోబర్ 1న మళ్లీ తెరిచారు. ఇప్పుడు ఆ ముక్కలో పట్టాలు, వంతెనలు ప్రిఫెక్చర్‌వి. రైళ్లు నడిపేది జేఆర్. లెక్కల ప్రకారం ఇది దండగే అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఊళ్లవాళ్ల పట్టుదలే నచ్చింది.

అపోహ: పర్యాటకుల కోసం వేసిన లైను.

కవగుచి నుంచి తదామి దాకా పట్టాలు మొదట వేసింది తగొకుర డ్యాముకు సామగ్రి మోయడానికి, 1957లో. ప్రయాణికుల రైళ్లు 1963లో వచ్చాయి. 6,359 మీటర్ల రొకుజూరిగోయే సొరంగం పూర్తయి రెండు కొసలూ కలిసింది 1971లో. మన అరకు లైను కూడా అంతే కదా, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది. ఆ ఖనిజం వెళ్లింది కూడా జపాన్‌కే.

ఫొటోలో నది అద్దంలా కదలకుండా ఉండటానికి కూడా డ్యాములే కారణం. ఒకదాని కింద ఒకటి కట్టుకుంటూ పోయారు. ఒకటో వంతెన కింద ఉన్నది యనైజు డ్యాము నిలవనీరు.

అపోహ: ఎంత మంచు పడినా జపాన్ రైలు ఆగదు.

ఆగుతుంది. తదామి, ఓషిరకవా స్టేషన్ల మధ్య భారీగా మంచు పడితే రోజుల తరబడి నడవదు. పక్కనే ఉన్న 252వ నంబరు జాతీయ రహదారిని కనుమ దగ్గర చలికాలమంతా మూసేస్తారు. 1980లలో నష్టాల లైన్లు ఎత్తేస్తున్నప్పుడు దీన్ని వదిలేసింది కూడా చలికాలంలో ఆ రోడ్డు లేకపోవడం వల్లే. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రే జేఆర్ ఈస్ట్ సైట్ చూసుకోండి. బండి లేదంటే చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే, షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో కూడా వెళ్లొచ్చు. జపాన్ రైల్ పాస్ ఉంటే దానికి అదనంగా ఏమీ కట్టక్కర్లేదు.