పాత బండి చప్పుడు దేనితో మారుతోంది?

"ఏటో సౌండొస్తంది గురూ" అని మోటార్‌సైకిల్‌కి స్టాండు వేస్తే, చేయి తిరిగిన మెకానిక్ ముందుగా స్పానర్ తీయడు. ఎప్పుడొస్తంది, పొద్దున్న స్టార్టు చేయగానేనా, వేడెక్కాకా, క్లచ్ పట్టుకుంటే పోతందా అని అడుగుతాడు. సగం పని ఆ ప్రశ్నల్లోనే అయిపోతుంది. టక్‌టక్, గరగర, కిర్రు అంటూ చప్పుడును ఎంత వర్ణించినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇంజన్ తలలో వాల్వ్‌ను నొక్కే టాపెట్ చేసే టిక్‌టిక్‌నీ, సైలెన్సర్ జాయింటు దగ్గర గ్యాస్ లీకయ్యే టిక్‌టిక్‌నీ అలవాటైన చెవి కూడా చాలాసార్లు విడదీయలేదు. ఆ చప్పుడు దేనితో పెరుగుతోంది, ఏం చేస్తే ఆగుతోంది అన్నదే పట్టుకోవాలి.

మొదట తేల్చాల్సింది ఇది ఇంజన్‌దా, చక్రాలదా అని. బండిని న్యూట్రల్‌లో ఉంచి ఆక్సిలరేటర్ పెంచినప్పుడు చప్పుడు వస్తే ఇంజన్ వైపు వెతకాలి. నడుపుతున్నప్పుడు మాత్రమే వస్తుంటే ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో క్లచ్ పట్టి ఆక్సిలరేటర్ వదలాలి. అప్పటికీ అదే జోరులో ఉంటే చక్రాలు, చైన్, బ్రేకుల్లో ఏదో ఒకటి. ఇక్కడ చిన్న లెక్క పనికొస్తుంది. 18 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 1.85 మీటర్లు పోతుంది. 40 వేగమంటే సెకనుకు 11 మీటర్లు, అంటే ఆరు చుట్లు. అదే వేగంలో గేరులో ఉంటే క్రాంక్, అంటే ఇంజన్‌లో పిస్టన్ తిప్పే ఇరుసు, సెకనుకు 50 చుట్లకు పైనే తిరుగుతుంది. కాబట్టి వెళుతుండగా విడివిడిగా వినిపించే టక్‌టక్ ఇంజన్‌ది అయ్యే అవకాశం తక్కువ. టైరులో ఇరుక్కున్న రాయో, వంకర తిరిగిన బ్రేక్ డ్రమ్మో అయి ఉంటుంది. వేగంతో పాటు చిక్కబడే 'గూఁ' మోత వీల్ బేరింగ్‌ది. బండికి సెంటర్ స్టాండు వేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఫోర్క్ మీద రెండో చెయ్యి ఆనిస్తే గరుకు తెలిసిపోతుంది.

అదే 40 వేగంలో సెకనుకు రెండు మూడు సార్లే వచ్చే 'కట్' అనే చప్పుడైతే చైన్‌ను అనుమానించండి. చైన్ పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి తుప్పు, ఇసుక తోడై కొన్ని లింకులు బిగుసుకుపోతాయి, కొన్ని వదులవుతాయి. వదులు కనిపించినచోట కొలిచి టైట్ చేస్తే బిగుసుకున్న భాగం వచ్చినప్పుడల్లా గేర్‌బాక్స్ బయటి బేరింగ్ మీద లాగుడు పడుతుంది. కొన్నాళ్లకు చైన్ చప్పుడు పోయి బేరింగ్ ఏడుపు మొదలవుతుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్నచోట పైకీ కిందికీ 25 మి.మీ. ఆట ఉండేలా సరిచేయాలి. చైన్ పని అయిపోయిందో లేదో టేపుతో తేల్చవచ్చు. 100 సీసీ బండ్లకు వాడే 428 చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మి.మీ. ఉంటుంది. చైన్‌ను లాగి పట్టి 21 పిన్నుల మధ్య దూరం కొలిస్తే కొత్తదానిలో 254 మి.మీ. వస్తుంది. 259 దాటితే ఇక గ్రీజు రాసి లాభం లేదు. చైన్, రెండు పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు) కలిపి సెట్టుగా మార్చాలి. ఇంజన్ నడుస్తుండగా చైన్ తుడవడం మాత్రం ఎప్పుడూ చేయకండి, వేళ్లు పోతాయి.

ఇక ఇంజన్. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వ్‌లను (గ్యాస్ వచ్చిపోయే దారుల మూతలు) తెరిచే కామ్ షాఫ్ట్ ఒకటే చుట్టు తిరుగుతుంది. ఆక్సిలరేటర్ ఇవ్వనప్పుడు, నిమిషానికి 1200 చుట్ల ఐడిల్‌లో క్రాంక్ సెకనుకు 20, కామ్ 10. చెవి అంత వేగం లెక్కపెట్టలేదు, ఫోను లెక్కపెడుతుంది. చప్పుడును వీడియో తీసి పావు వేగంతో వినండి. సైలెన్సర్ కొట్టే ప్రతి దెబ్బకూ ఒక టిక్ వస్తుంటే వాల్వ్, కామ్, లేదా గ్యాస్ లీకు వైపు చూడాలి. దెబ్బకు రెండు వస్తుంటే అది క్రాంక్‌తో తిరిగేది, అంటే క్రాంక్ చివర కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ నట్టు వదులవడం లాంటిది. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండికి ఈ లెక్క పనిచేయదు. దానికి టాపెట్లే లేవు, క్రాంక్ తిరిగిన ప్రతిసారీ ఫైరింగే.

ఆ తర్వాత వేడి. స్ప్లెండర్ బోరు, అంటే పిస్టన్ ఆడే గొట్టం, వ్యాసం 50 మి.మీ. పిస్టన్ అల్యూమినియం, ఆ గొట్టం లోపలి పొర (లైనర్) పోత ఇనుము. రెండూ 100 డిగ్రీలు వేడెక్కితే పిస్టన్ సుమారు 0.11 మి.మీ. ఉబ్బుతుంది, లైనర్ అందులో సగమే. అందుకే బోరు అరిగిన బండి పొద్దున్నే డబడబలాడి, ఓ రెండు మూడు కిలోమీటర్లు వెళ్లేసరికి సద్దుమణుగుతుంది. పొగ రాకుండా, ఆయిల్ తాగకుండా ఉంటే బోరు పనికి తొందరపడక్కర్లేదు. వేడెక్కే కొద్దీ పెరిగే చప్పుడే ప్రమాదం. ఆయిల్ పలచబడి, అరిగిన చోట లోహం లోహానికి తగులుతోందన్న మాట.

టాపెట్ విషయంలో మనవాళ్లకున్న దురభ్యాసం, టిక్‌టిక్ మొత్తం పోయేదాకా బిగించమనడం. చాలా 100 సీసీ బండ్లలో వాల్వ్ గ్యాప్ 0.05 నుంచి 0.10 మి.మీ. మధ్యే ఉంటుంది. సరైన అంకె మీ బండి మాన్యువల్‌లో చూడాలి. గ్యాప్ మరీ తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. తన వేడిని తాను ఆనే అంచుకు (వాల్వ్ సీటుకు) ఇవ్వలేక ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది. అదీ చప్పుడు లేకుండా. ఇంజన్ పూర్తిగా చల్లారాక మ్యాగ్నెట్ మీది 'టీ' గుర్తును కేసు మీది గుర్తుకు కలపండి. వాల్వ్‌లను నొక్కే రాకర్లు రెండూ చేతికి కొద్దిగా ఆడాలి. ఆడకపోతే పిస్టన్ కంప్రెషన్‌లో పైకి రాలేదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. గ్యాప్ కొలిచే పల్చటి రేకు (ఫీలర్ గేజ్) కొద్దిగా పట్టి లాగినట్టు కదలాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ దానితో పాటు తిరుగుతుంది కాబట్టి, బిగించాక మళ్లీ కొలవండి. ఇంత చేసినా టిక్ పోకపోతే సైలెన్సర్ పైపు ఇంజన్ తలకు (హెడ్) కలిసేచోట నల్లటి మసి చార చూడండి. దోషి గ్యాస్కెట్ కావచ్చు. ఎడమ వైపు, ఆక్సిలరేటర్ వదిలినప్పుడు గలగలమంటే స్ప్లెండర్ రకం ఇంజన్‌లో కామ్‌ను తిప్పే టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ సంగతి చూడాలి.

ఎక్కడిదో తేలకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ ఉంది. ముక్కు ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకు నొక్కండి. లోహంలో పుట్టిన ధ్వని గాలిలోకి దాటేచోట దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. ధ్వని ఆ అంచుకు నిటారుగా తగిలినప్పుడు పదివేలలో ఒక వంతు కూడా బయటపడదు. మనం మామూలుగా వినేది ఆ కొసరే, అదీ కవర్లు, ఫిన్లు అటూ ఇటూ తిప్పి పంపింది. స్క్రూడ్రైవర్ ఆ గాలి గండం లేకుండా నేరుగా ఎముకకు చేరుస్తుంది. టాపెట్ కవర్, సిలిండర్, మ్యాగ్నెట్ సైడు, క్లచ్ సైడు అని వరసగా తాకించి, అన్నిటికన్నా పదునుగా వినిపించినచోట ఆగండి. భుజాన తువ్వాలు ఉంటే ముందు తీసేయండి.

న్యూట్రల్‌లో క్లచ్ పట్టుకోగానే గరగర పోతే గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్ట్ బేరింగో, క్లచ్ హౌసింగో. పట్టుకున్నప్పుడే వస్తే క్లచ్ నొక్కే బేరింగ్. ఒకే ఒక్క ఇంజన్ వేగం (ఆర్‌పీఎం) దగ్గర వచ్చి, దాటగానే పోయే జలజల ఇంజన్ లోపలిది కాదు. నంబర్ ప్లేటో, చైన్ కేసో ఆ కంపనానికి శ్రుతి కలుపుతోంది, చేత్తో అదిమితే ఆగుతుంది. సైలెన్సర్ లోపల రేకు ఊడి గలగలలాడటం దగ్గర దగ్గర తిరిగే బండ్లకు ఎక్కువ. లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు లీటర్ నీరే పుడుతుంది. బాగా వేడెక్కని సైలెన్సర్‌లో అది ఆవిరిగా బయటకు పోకుండా లోపలే నిలిచి తుప్పు పట్టిస్తుంది.

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతూ, వెనక మనిషితో, టాప్ గేరులో ఉండగా సన్నగా గులకరాళ్లు దొర్లినట్టు వినిపిస్తే అది నాకింగ్. ప్లగ్గు మంట చేరకముందే చివర మిగిలిన మిశ్రమం దానంతట అదే అంటుకుంటోంది. గేరు తగ్గించగానే పోతుంది. తరచూ వస్తుంటే హెడ్‌లో కార్బన్ తీయించి, ఇగ్నిషన్ టైమింగ్ చూపించాలి.

వీటన్నిటికన్నా ముందు ఆయిల్ చూసుకోవడం తేలిక. ఇంజన్ మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలకు బండిని నిటారుగా నిలబెట్టి డిప్‌స్టిక్ చూడండి. హీరో, హోండా బండ్లలో దాన్ని మరలో బిగించకుండా, ఊరికే ఆనించి తీయాలి. ఆయిల్ తక్కువైతే మొదట అరిచేది హెడ్డే, అన్నిటికన్నా చివర ఆయిల్ అందేది దానికే. కింద క్రాంక్‌కేసు నుంచి, లోడు పడినప్పుడు, వేడి మీద బరువుగా 'దడ్ దడ్' అని వస్తుంటే ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలోకి దింపి ఎండలో చూడండి. మెరిసే రజను అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం. ఉక్కు రజనైతే బిగ్ ఎండ్, అంటే పిస్టన్ నుంచి వచ్చే కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కు కలిసేచోటి బేరింగ్, పోతున్నట్టే. కనెక్టింగ్ రాడ్ తెగితే క్రాంక్‌కేసుకే కన్నం పడుతుంది. ఆ బండిని షాపు దాకా కూడా నడపకండి, ట్రాలీ ఆటోలో వేసి పంపండి.