చిట్టా ఎవరి చేతిలో ఉంది?

అమెజాన్‌కూ చిన్న అమ్మకందారులకూ మధ్య తగాదా మళ్లీ వార్తల్లోకెక్కింది. డిస్కౌంట్ల గొడవలు, కిరాణా వర్తకుల ధర్నాలు అందరికీ తెలిసినవే. అసలు ముడి పడింది 2018 డిసెంబర్ 26న, విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు నిబంధనలు పెడుతూ కేంద్రం ప్రెస్ నోట్ 2 విడుదల చేసిన రోజున.

మార్కెట్‌ప్లేస్‌కు, అంటే ఇతరుల సరుకు అమ్మిపెట్టే సైటుకు, వాటా ఉన్న సంస్థ అదే సైట్‌లో అమ్మకూడదని, ఎవరైనా 25 శాతానికి మించి సరుకు ఆ గ్రూపు దగ్గరే కొంటే అది మార్కెట్‌ప్లేస్ సరుకు కిందే లెక్క అని ఆ నోట్ చెప్పింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. అమెజాన్ సైట్‌లో పెద్ద అమ్మకందారైన క్లౌడ్‌టెయిల్ మాతృసంస్థలో అమెజాన్ తన వాటాను 49 నుంచి 24 శాతానికి దించుకుంది. దాంతో ఆ మాతృసంస్థ అమెజాన్ గ్రూపు కంపెనీ కిందకు రాదు, కాగితం మీద లెక్క సరిపోయింది. వాటా ఎంత, సరుకు ఎవరిది అని అడిగారు గానీ, అమ్మకాల చిట్టా ఎవరు చూస్తున్నారని అడగలేదు.

బజార్లో బట్టల కొట్టాయన తన చిట్టా, ఆవర్జా పక్క కొట్టువాడికి చూపిస్తాడా? ఆన్‌లైన్‌లో అమ్మేవాడికి దాచుకునే వీలే లేదు. ఏ సైజు చొక్కా పోతోంది, ఏ ధర దగ్గర ఆర్డర్లు తగ్గాయి, ఎన్ని రిటర్న్ వచ్చాయి, అన్నీ సైటుకు తెలుస్తాయి. ఆ సైటే సొంత బ్రాండ్ చొక్కాలూ అమ్ముతుంది.

2021 అక్టోబర్‌లో రాయిటర్స్ కంపెనీ అంతర్గత పత్రాలు చూశామంటూ ఇదే రాసింది. సైట్ డేటాతో బాగా పోయే సరుకును గుర్తించి, దాన్నే నమూనాగా పెట్టుకున్నారట. జాన్ మిల్లర్ అనే బ్రాండ్ చొక్కా మెడ చుట్టుకొలత, చేతుల పొడవు కూడా వదల్లేదట. అదంతా తప్పు, ఆధారాల్లేవు అని అమెజాన్ కొట్టిపారేసింది.

సూపర్‌మార్కెట్లకూ సొంత బ్రాండ్లు ఉన్నాయిగా అని కంపెనీల వైపు వాళ్లు అంటారు. నిజమే. కానీ సూపర్‌మార్కెట్ డబ్బు పెట్టి సరుకు కొంటుంది, మిగిలిపోతే నష్టం దానిదే. ఇక్కడ సరుకూ నష్టమూ అమ్మకందారువి, తెలివిడి మాత్రం సైటుది. వర్తకుల కడుపుమంట అక్కడే.

వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్‌పై వేసిన దర్యాప్తు ఏడాదిన్నర కోర్టుల్లోనే నలిగింది. అమ్మకందారుల రహస్య డేటాను తన రిటైల్ వ్యాపారానికి వాడుకోనని 2022 డిసెంబర్‌లో అమెజాన్ యూరోపియన్ కమిషన్‌కు మాటిచ్చింది. అది అక్కడి వరకే. ఇక్కడ అలాంటి నిషేధం 2024 మార్చిలో వచ్చిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో ఉంది.