చుక్కల పీతను ఎందుకు వదిలేశానంటే

గోపాలపూర్

చిన్నమ్మడికీ, పెద్దోడికీ తాత దీవెనలు.

మొన్న సెలవుల్లో వలలో పడ్డ చుక్కల పీతను మళ్లీ సముద్రంలో వదిలేశానని పెద్దోడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బస్సెక్కే హడావిడిలో సంగతి చెప్పలేకపోయాను.

దాని పొట్ట కింద ముద్దలా ఉన్నది బురద కాదురా, గుడ్లు. లక్షల్లో ఉంటాయి. కొత్తలో నారింజ రంగులో ఉంటాయి. లోపల పిల్లకు కళ్లు వచ్చేకొద్దీ గోధుమ రంగుకు, చివరికి నలుపుకు తిరుగుతాయి. మనకు దొరికిన దాని గుడ్లు నల్లబడిపోయాయి. ఇక పిల్లలు బయటికి రావడమే తరువాయి. చేత్తో లాగితే ముద్ద ఊడిపోతుందని వల దారం కోసి విడిపించాను.

గుడ్ల పీతను పట్టకూడదని చాలా దేశాల్లో చట్టమే ఉంది. మంచిదే, కానీ మండపీతకు అది చాలదు. మన బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగలోనూ చిలికా సరస్సులోనూ దొరికే మండపీత, ఇక్కడి ఒడియావాళ్లు కంకడా అనేది, గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోతుంది. ఏట్లో దొరికినప్పుడు గుడ్డు ఇంకా డిప్ప లోపలే ఎర్రగా ఉంటుంది, బయటికి ఏమీ కనబడదు. ఆ ఎర్ర గుడ్డంటేనే కొనేవాళ్లకు ప్రాణం. మొగ దాటకముందే తల్లి బుట్టలో పడిపోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఆడ మండపీతను అసలు పట్టనివ్వరు. మగదైనా 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అయితే పెద్ద మగవాటినన్నిటినీ పట్టేసినా చిక్కే. ఆడపీత డిప్ప విడిచి మెత్తగా ఉన్నప్పుడే జతకడుతుంది. ఆ నాలుగు రోజులూ మగది దాన్ని తన కింద పొదువుకుని కాపాడాలి. చిన్న మగపీత పెద్ద ఆడదాన్ని ఎలా కాస్తుంది?

ఆలిచిప్పల సంగతి ఇంకా వింత. చాలావరకు చిన్నప్పుడు మగవిగా ఉండి, పెరిగాక ఆడవవుతాయి. చిన్నవి వదిలేసి పెద్దవే ఏరుకుంటే తల్లుల్నే ఏరుకున్నట్టు. అందుకే ఏ జీవికి తగిన నియమం దానికి ఉండాలి. కేరళలో అష్టముడి సరస్సులో గుల్లలు పిల్లలు పెట్టే కాలమని డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటి జోలికి పోరు. 2014లో ఆ పద్ధతికి అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. ఆ రోజుల్లో ఇంట్లో డబ్బుకు ఎంత టెన్షన్ పడతామో మీ నాన్నకు తెలుసు. అయినా నేను దాన్ని తప్పనను. కానీ చుక్కల పీత ఏడాది పొడవునా గుడ్లు పెడుతూనే ఉంటుంది. మిగతా పది నెలలు దాన్ని కాచేది వల లాగేవాడి చెయ్యే.

దసరాకి రండి. పీతను తిప్పి చూడటం నేర్పుతాను. పొట్ట కింద మూత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఈసారి ఏది వదలాలో పెద్దోడే చెప్పాలి.

మీ తాత