మాట్రిక్స్: బిడ్డ ముందు, తల్లి తర్వాత

తొలకరి పడితే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తల వంచుకుని నేలను గాలిస్తూ నడిచే జనం కనిపిస్తారు. పైమట్టి కొట్టుకుపోయి వజ్రం బయటపడుతుందన్న ఆశ వారిది. వజ్రాన్ని తనలో పొదుగుకున్న రాతి పదార్థాన్ని భూగర్భ శాస్త్రంలో మాట్రిక్స్ అంటారు. అదే జిల్లాలో ఇంటర్ గణితం చదివే విద్యార్థి ఈ మాటనే ‘మాత్రిక’ అన్న పేరుతో, సంఖ్యలను అడ్డువరుసలుగా, నిలువువరుసలుగా పేర్చిన అమరికగా నేర్చుకుంటాడు. రెండూ ఒకటేనని ఎవరైనా విప్పి చెబితే తప్ప తట్టదు.

లాటిన్‌లో మాటెర్ అంటే తల్లి. మన ‘మాతృ’ శబ్దానికి అది తోబుట్టువు. దాని నుంచి వచ్చిన మాట్రిక్స్‌కు మొదట పిల్లల్ని కనడానికి పెంచే ఆడపశువు అని, తర్వాత గర్భాశయమని అర్థాలు ఏర్పడ్డాయి. కాలక్రమంలో పేర్లు నమోదు చేసే పుస్తకాన్నీ అలాగే పిలిచారు. దాని చిన్నరూపమైన మాట్రికులా నుంచే మెట్రిక్యులేషన్ పుట్టింది. మన తాతల తరం గర్వంగా చెప్పుకున్న ‘మెట్రిక్ పాస్’లో ఉన్నది ఈ మాటే. మెట్రిక్ టన్నులోని మెట్రిక్ వేరు, అది కొలత అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది.

గణితంలోకి ఈ మాటను 1850లో ఆంగ్ల గణితజ్ఞుడు జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ తెచ్చాడు. ఒకే తల్లి గర్భం నుంచి పుట్టినట్టు ఈ సంఖ్యల అమరిక నుంచి వేర్వేరు నిర్ధారకాలు (డిటర్మినెంట్లు, అంటే అమరికలోని సంఖ్యల నుంచి లెక్కగట్టే విలువలు) పుడతాయని మరుసటి ఏడాది వివరించాడు. అయితే నిర్ధారకాలు 17వ శతాబ్దం నుంచే గణితజ్ఞులకు తెలుసు. అంటే బిడ్డ ముందే తెలిసింది, తల్లికి పేరు ఆ తర్వాత వచ్చింది. 1858లో ఆర్థర్ కేలీ మాత్రికల కూడిక, గుణకారాలను ఒక పద్ధతిలో పెట్టాడు. 1925లో భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్ పరమాణువుల గురించి చేసిన లెక్కల్లో ఉన్నవి మాత్రికలేనని మాక్స్ బార్న్ గుర్తించాడు. జీవశాస్త్రంలోనూ కణాల నడుమ అల్లుకున్న పదార్థానికి ఇదే పేరుంది.

వజ్రం విషయంలోనూ బిడ్డే ముందు. రాయలసీమ వజ్రాలు శతాబ్దాలుగా లోకానికి తెలిసినా, వాటిని పైకి మోసుకొచ్చిన శిలకు కింబర్లైట్ అన్న పేరు 19వ శతాబ్దం చివర్లో, దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల తర్వాతే వచ్చింది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నది ఆ శిలే. నిజానికి అది కన్నతల్లి కాదు, పెంపుడు తల్లి. వజ్రం 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో ముందే తయారై ఉంటుంది, కింబర్లైట్ దాన్ని మోసుకొస్తుంది.

మూలప్రతిని మాతృక అనడం తెలుగులో ఉన్నదే కాబట్టి మాత్రిక అన్న రూపం మన చెవికి కొత్త కాదు. అధ్యాపకులు నల్లబల్లపై మొదటి మాత్రిక రాసే ముందు, ఒకప్పుడు వజ్రాల కోసం తవ్విన బనగానపల్లె గులకశిల ముక్కను పిల్లల చేతికివ్వాలని నా కోరిక. నున్నని గులకరాళ్లు, వాటి సందుల్లో గట్టిపడిన ఇసుక, ఆ ఇసుకను వేలితో తడిమితే తగిలే గరుకు: ఆ గరుకుదనమే అక్కడి మాట్రిక్స్.