మన్రో దొర గురించి మీరడిగినదానికి

చిన్నారులకు ఆశీస్సులు.

మంత్రాలయం వెళ్లొచ్చాక, "రాఘవేంద్రస్వామి ఒక తెల్లదొరకి కనిపించాడట, నిజమేనా?" అని అడిగారు కదా. అది భక్తులు తరతరాలుగా చెప్పుకునే కథ. ఆ దొర మాత్రం నిజంగా ఉన్నవాడే. పేరు థామస్ మన్రో.

1761లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరడానికి మద్రాసులో దిగి, హైదర్ అలీతో యుద్ధాలు చేశాడు. మేజర్ జనరల్ దాకా ఎదిగాడు. కానీ మన వాళ్లు గుర్తుపెట్టుకున్నది ఆయన కత్తిని కాదు, కలెక్టర్ పనిని.

1800లో నిజాం మన రాయలసీమను కంపెనీకి ఇచ్చేశాడు. అప్పటి నుంచి 1807 వరకు మన్రో ఇక్కడే ఉన్నాడు. గుడారం వేసుకుంటూ ఊరూరా తిరిగాడు. 33 అడుగుల గొలుసుతో ప్రతి చేనూ కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరు మీదే శిస్తు నిర్ణయించాడు. రైతువారీ పద్ధతి అంటే ఇదే. రైతు గోడు నేరుగా వినే అధికారి కాబట్టే జనం ఆయన్ని అంతగా అభిమానించారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారట.

అయితే ఆ శిస్తు ఎంతో తెలుసా? పంటలో దాదాపు 45 శాతం! వానలు సరిగా పడని మన నేలలో రైతుకి ఇక మిగిలేదేముంటుంది? ఇది భారమేనని ఆయనకీ తెలుసు. నాలుగో వంతు తగ్గించమని 1807లో తనే రాశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే అది తగ్గింది. అన్నేళ్లు ఆ బరువు మోసింది మన పెద్దవాళ్లే. పాలెగాళ్లను, అంటే ఊళ్లను ఏలిన స్థానిక నాయకులను, అణిచిందీ ఆయనే. ఆ కుటుంబాలకిచ్చే భరణాల గొడవే తర్వాత 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకి దారితీసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. భారతీయులకు పెద్ద ఉద్యోగాలివ్వాలనీ, తమను తామే పాలించుకోగలిగిన రోజున ఇంగ్లీషువాళ్లు తప్పుకోవాలనీ 1824లోనే రాశాడు. ఆ రోజుల్లో అలా రాసిన దొరలు చాలా తక్కువ. అందుకే ఆయనంటే నాకు గౌరవం. అలాగని దేవుణ్ణి చేయను. ఆయన జీతం తీసుకున్నది కంపెనీ దగ్గర, వసూలు చేసింది కంపెనీ కోసం.

1827లో పదవి వదిలి స్వదేశానికి వెళ్లబోతూ, చివరిసారిగా సీమ చూడాలని వచ్చాడు. దండులో కలరా పాకింది. జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో ఖననం చేసి, తర్వాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తీసుకెళ్లారు. పత్తికొండలో ఆయన పేరున ప్రభుత్వం బావి తవ్వించి, తోపు వేయించింది.

సెలవులకు రండి. గుత్తి, పత్తికొండ, ఉయ్యాలవాడ మూడూ చూపిస్తాను.

మీ తాతయ్య